భారము, ఆలన: క్యాన్సరు రోగుల కుటుంబపరిచర్యా పరిశోధనలో మాటల విచారణ

రోగమును గూర్చి మాట్లాడు శాస్త్రము ప్రాచీనమైనది. రోగి మంచము ప్రక్క రాత్రియంతయు మేల్కొని కూర్చున్నవారిని గూర్చి మాట్లాడు శాస్త్రము మాత్రము నిన్నమొన్నటిది. 1967లో లండను నగరమున సిసిలీ సాండర్సు నెలకొల్పిన సెయింట్ క్రిస్టఫర్సు ఆశ్రమము మరణాసన్నుల బాధకు శారీరకము, మానసికము, సాంఘికము, ఆధ్యాత్మికము నను నాలుగు ముఖములు కలవని వైద్యలోకమునకు దెలిపెను. ప్రపంచారోగ్యసంస్థ 2002లో నిచ్చిన నిర్వచనము ప్రకారము ఉపశమనచికిత్స రోగికే కాక కుటుంబమునకును, రోగి బ్రతికియున్న కాలముననే కాక మరణానంతరశోకమునను అండగా నుండవలెను. ఈ మార్గమున కుటుంబపరిచారకులను గూర్చిన పరిశోధన వైద్య, నర్సింగు, మనస్తత్త్వశాస్త్ర పత్రికలలో విస్తారముగా పెరిగినది.

తెలుగు శాఖవారి పరిశోధనపత్రికలో దీని ప్రసక్తి యేల యని పాఠకులకు సందేహము కలుగవచ్చును. ఈ పరిశోధనకు సూక్ష్మదర్శినితో పని లేదు. రక్తపరీక్షతో పని లేదు. ఒకరు ప్రశ్నింతురు, ఒకరు జవాబు చెప్పుదురు, ఆ జవాబునకు అంకె వేయుదురు. మాట యొక్కటియే పరికరము. పరికరము సరిగా నున్నదా లేదా యని పరీక్షించుట ఆ భాషను చదివినవారి పనియే యగును.

ఈ రంగమున మిక్కిలి ప్రసిద్ధమైన ప్రశ్నావళి 1980లో స్టీవెన్ జారిట్, ఆయన సహచరులు కూర్చినది. మతిమఱపు వ్యాధిచే బాధపడు వృద్ధుల కుటుంబములకై పుట్టిన యీ ప్రశ్నావళిలో తొలుత 29 ప్రశ్నలుండెను. పిమ్మట 22 ప్రశ్నల రూపము స్థిరపడినది. ప్రతి ప్రశ్నకు సున్న మొదలు నాలుగు వఱకు అంకె, మొత్తము 88. దీని పేరులోనే 'భార' మను మాట యున్నది. తరువాతి కాలమున క్యాన్సరు రోగుల యిండ్లకును దీనిని వాడసాగిరి. 1983లో రాబిన్సను 13 ప్రశ్నలతో నొకటి, 1999లో వైట్జ్‌నరు ప్రత్యేకముగా క్యాన్సరు రోగుల పరిచారకులకై 35 ప్రశ్నలతో నొకటి కూర్చిరి. వీనిని పరభాషలలోనికి దెచ్చుటకు 1970లో బ్రిస్లిను సూచించిన పద్ధతి నేటికిని ప్రమాణము. ఒకరు ఆంగ్లమునుండి తెలుగు చేయుదురు; మూలమును చూడని మఱియొకరు ఆ తెలుగును మఱల ఆంగ్లము చేయుదురు; రెండు ఆంగ్లపాఠములును సరిపోయినచో అనువాదము నిర్దుష్టమని యెంచుదురు.

పద్ధతి వినుటకు బాగుగనే యున్నది. కాని యొక చిన్న ఉదాహరణము చూడుడు. ఆంగ్లప్రశ్నలలో రోగిని 'మీ బంధువు' అను నర్థమిచ్చు మాటతో పేర్కొందురు. తెలుగున 'మీ బంధువు' అని వ్రాసి, దానిని తిరిగి ఆంగ్లము చేసినచో మొదటి మాటయే వచ్చును; పరీక్ష నెగ్గినట్లే. కాని కన్నతండ్రిని 'బంధువు' అను తెలుగువా డెవడు? బంధువు పెండ్లికి వచ్చిపోవువాడు, పిలువవలసినవాడు, వేఱొక యింటివాడు. నారాయణఖేడు పల్లెలో పడకనున్న మామను చూచుకొనుచున్న కోడలిని 'మీ బంధువు విషయమున మీకు కోపము వచ్చునా?' యని యడిగినచో ఆమె ముందుగా ఏ బంధువని తెల్లబోవును. అడుగువాడు మామనే చూపినప్పుడు, 'మామ చుట్టమెట్లయితడు?' అనును. ఆంగ్లమున నొక్కటిగా నున్న మాట యిచ్చట నాయిన, అవ్వ, పెనిమిటి, అత్త, మామ, తమ్ముడు అని విడిపోవలెను. విడిపోయిన క్షణముననే ప్రశ్నయొక్క బరువు మాఱును. పెనిమిటిపై కోపము వచ్చునని చెప్పుట వేఱు, మామపై వచ్చునని చెప్పుట వేఱు. అందును అత్త వాకిట కూర్చుండి వినుచుండగా చెప్పుట మఱియును వేఱు.

ఇంక 'భారము'. ఈ మాటయే ఈ వ్యాసమునకు మూలము. సంస్కృతమున 'భృ' ధాతువునకు మోయుట, భరించుట, పోషించుట యర్థములు. దానినుండియే భారము పుట్టినది. దానినుండియే భర్త పుట్టెను, మోయువాడని యర్థము. దానినుండియే భార్య, మోయబడవలసినది. ఒక్క ధాతువు నుండి బరువును, దాంపత్యమును పుట్టిన భాషావంశమున 'నీ భర్త నీకు భారమా?' యని యడుగుట యెంత చిక్కుప్రశ్నయో ఆలోచింపదగును. అచ్చతెలుగున 'బరువు' అనినను చిక్కు తీరదు. బరువుబాధ్యతలని జంటగా పలుకుట మనకు వాడుక. 'ఇంటి బరువంత నా మీదనే ఉన్నది' యని పెద్దకొడుకు చెప్పునప్పుడు ఆ మాటలో అలసట యెంతయో, అధికారమును అభిమానమును నంతయే యుండును. అంకె వేయువాడు దీనిని అలసటగా వ్రాయును. అదే మాటను సిగ్గుచే ననక మౌనము వహించిన కోడలికి సున్న వేయును. సున్న పడినచోట సాయ మక్కఱలేదని నివేదిక చెప్పును.

ఈ మౌనమునకు మన సాహిత్యమున దీర్ఘమైన శిక్షణ కలదు. కాకతి ప్రతాపరుద్రుని కాలమున తిక్కన శిష్యుడగు మారన తెలుగు చేసిన మార్కండేయపురాణమున కౌశికుని భార్య కథ కలదు. జనులామెను సుమతి యందురు. ప్రతిష్ఠానపురమందలి కౌశికుడు కుష్ఠురోగి. మూలపురాణము ఆమె చేసిన పనులను వరుసగా లెక్కించును. పాదము లొత్తుట, స్నానము చేయించుట, వస్త్రము కట్టుట, అన్నము పెట్టుట, శ్లేష్మమును, రక్తమును, మలమూత్రములను కడుగుట. వ్యాసరచనలో వ్రాయ సంకోచించు పనులను పురాణకర్త సంకోచింపక చెప్పినాడు. ఇంత చేసినను ఆ భర్త కోపిష్ఠియై ఆమెను కసరుచునే యుండెనని కూడ చెప్పినాడు. నేటి పరిశోధకులు రోగి కోపమును పరిచారకుని యలసటకు ముఖ్యకారణములలో నొకటిగా లెక్కింతురు. ఆ విషయ మచ్చటనే కలదు.

ఆ రోగి వేశ్యను కామించి, తన్ను ఆమె యింటికి మోసికొని పొమ్మనును. భార్య యతనిని భుజముపై నెక్కించుకొని, వలయు శుల్కమును సయితము వెంట గొని, చీకటిలో మెల్లగా నడచును. భర్తయనగా మోయువాడు, భార్యయనగా మోయబడవలసినది యని చెప్పిన భాష కథలో తలక్రిందులైనది. శూలముపై నున్న మాండవ్యునకు రోగి కాలు తగిలినది. సూర్యోదయమున మరణింతువని ఆయన శపించెను. సూర్యుడే యుదయింపకుండుగాక యని ఆమె పలికెను. లోకమంతయు చీకటియైనది. దేవతలు అనసూయ నాశ్రయించిరి.

విమర్శకులు సాధారణముగ ఈ ఘట్టమున పాతివ్రత్యమహిమను మాత్రమే చూచిరి. నేను మఱియొక చిన్న విషయమును చూపదలచితిని. అనసూయ ఆ యింటికి వచ్చి సుమతిని కుశలమడుగును. ఏమని? భర్తముఖము చూచి యానందించుచున్నావు గదా, సమస్తదేవతలకన్న భర్తనే యధికునిగా భావించుచున్నావు గదా, యని. కథయంతటిలో పరిచారికను గూర్చి యొకరడిగిన ప్రశ్న యిది యొక్కటియే. దీనికి ఔననుట తప్ప వేఱు జవాబున్నదా? అడిగినది మహాసాధ్వి, అడిగిన సమయమున దేవతలందఱును వేచియున్నారు. ఆ యింట రాత్రి నిదుర యున్నదా, ఆహారమెట్లు జరుగుచున్నది, ఆమె భుజము నొప్పియెట్లున్నది యని యెవ్వరును నడుగలేదు. జవాబును లోపల పెట్టుకొనియే పుట్టిన ప్రశ్న యిది. భారమా యని నేడు మనమడుగు ప్రశ్న వేఱు వేషమున అదియే. దానికి మన యింటి స్త్రీ చెప్పు జవాబు తన జవాబు కాదు, సుమతి జవాబు. పరిశోధకుడు పల్లెకు వెళ్లి పురాణమును విని, అంకెగా వ్రాసికొని వచ్చుచున్నాడు.

ఆ కథ ముగింపును మఱచిపోరాదు. సూర్యు డుదయించును, కౌశికుడు మరణించును, అనసూయ యతనిని రోగరహితునిగా, యౌవనవంతునిగా బ్రతికించును. సేవకు ఫలము స్వస్థత. క్యాన్సరు ముదిరి చికిత్సకు లొంగని దశయందు ఈ ముగింపు లేదు. సేవ ఉన్నది, చీకటి ఉన్నది, ఉదయమున్నది, తిరిగివచ్చుట లేదు. ఫలముతోనే సేవకు విలువకట్టు కథలను విని పెరిగినవారు ఇట్టిచోట తమ సేవలోనే లోపమున్నదేమో యని క్రుంగుదురు. వారి దుఃఖములో ఈ భాగమును కొలుచు ప్రశ్న యే ప్రశ్నావళియందును నాకు కానరాలేదు.

ఆధునికకాలమున క్యాన్సరును తెలుగువారికి పరిచయము చేసినది గ్రంథములకన్న చలనచిత్రములే. దాసరి నారాయణరావు 1981లో తీసిన 'ప్రేమాభిషేకము'న నాయకుడు తనకు క్యాన్సరని తెలిసికొని, ప్రియురాలు తన్ను ద్వేషించి వేఱొకరిని పెండ్లాడునట్లు నటించును. రోగియే దాచును, తక్కినవారికి తెలియదు. 1993 నాటి 'మాతృదేవోభవ'లో తల్లి రోగిణియైయుండియు తానే పిల్లలకు దిక్కు వెదకును. ఆమెకు దిక్కెవరను ప్రశ్న వెనుకబడును. ఇండ్లలో జరుగునది దీనికి విపరీతము. రోగికి చెప్పవద్దని వైద్యుని కోరునది కుటుంబము. గ్లేజరు, స్ట్రాసు అను సామాజికశాస్త్రజ్ఞులు 1965లో మరణాసన్నుల యెఱుకను విభజించి చూపిన దశలలో నొకటి ఇరువురును తెలిసియే తెలియనట్లు నటించుట. ఈ నటన మన పల్లెలలో వ్యాకరణముగా పరిణమించినది. రోగము పేరు పలుకరు. 'గా రోగం' అందురు. కుష్ఠమునకు పూర్వము 'పెద్దరోగ' మను మాటు పేరుండెడిది. రాచపుండు అనునది నేడు క్యాన్సరుకు మాటు పేరైనది. ఇట్టి యింట నిలిచి, రోగి వినుచుండగా, 'క్యాన్సరు రోగిని చూచుకొనుటలో' అని ప్రశ్న ప్రారంభించు పరిశోధకుడు తనకు తెలియకయే ఆ యింటివారు నెలల తరబడి కాపాడిన కట్టును త్రెంపును. దాచుట మంచిదని నేననను. రోగికి తెలిసికొను హక్కు కలదు. అయితే ఆ కట్టు విప్పవలసినది వైద్యుడును కుటుంబమును కలిసి. పలకబల్ల పట్టుకొని వచ్చిన క్రొత్తవాడు కాదు.

ఇచ్చట నారాయణఖేడును గూర్చి కొంత చెప్పవలెను. 1956 వఱకు ఈ తాలూకా హైదరాబాదు రాష్ట్రమందలి బీదరు జిల్లాలోనిది. రాష్ట్రముల పునర్విభజనమున మెదకు జిల్లాలో చేరినది. 2016 నుండి సంగారెడ్డి జిల్లాలో నున్నది. కర్ణాటకమును మహారాష్ట్రమును దగ్గఱనుండుటచే సంతలో తెలుగు, కన్నడము, మరాఠీ, దక్కనీ యుర్దూ కలిసి వినబడును, తండాలలో లంబాడీ. భారమునకు కన్నడమున 'హొరె', మరాఠీలో 'ఓఝె', దక్కనీలో 'బోఝ్'. ఒక్క యింటిలోనే అత్త యొక భాషలో, కోడలు వేఱొక భాషలో దుఃఖించుట యిచ్చట వింత కాదు. రాష్ట్రమంతటికి నొక్క తెలుగుప్రతి చాలునను పరిశోధకుల నమ్మకము ఈ సరిహద్దున నిలువదు.

భాషకన్న బ్రతుకుతెరువు మఱియు ముఖ్యము. చెఱకు నఱకుటకును, నగరములో కూలికిని కుటుంబములు వలసపోవు ప్రాంతమిది. క్యాన్సరని తేలినచో పోవలసినది ప్రధానముగా హైదరాబాదునందు 1955లో వెలసిన మెహదీ నవాజ్ జంగ్ క్యాన్సరు ఆసుపత్రికి. నూఱు కిలోమీటర్లకు పైబడిన దూరము. కిరణచికిత్స యనగా అనేక సందర్భములలో వారమునకైదు దినముల వంతున అయిదాఱు వారములు. రోగితోపాటు ఒకరు నగరమున నుండవలెను. 2007లో ప్రారంభమైన ఆరోగ్యశ్రీ పథకము చికిత్సావ్యయమును భరించుచున్నది. వెంట నున్నవాని కూలి యెవరి లెక్కలోనికిని రాదు. అందుచే కూలి యెక్కువ వచ్చువాడు పనికి పోవును, తక్కువ వచ్చునది రోగితో పోవును. ఆమె సాధారణముగ భార్యయో కోడలో కూతురో యగును. దీనిని సంస్కృతియని పొగడువారు లెక్కను చూచుట లేదు.

ఆసుపత్రి వరండాలలో 'పేషెంటు తాలూకు ఎవరు?' అని పిలుతురు. ఈ తాలూకు, జిల్లా విభాగమగు తాలూకా, రెండును సంబంధమను నర్థమిచ్చు అరబ్బీ మాటనుండి వచ్చినవే. ఆ పిలుపునకు లేచి నిలుచునామెకు తెలుగున పేరు లేదు. సంరక్షకుడనగా మైనరు బాలుని యాస్తికి అధికారి, పరిచారకుడనగా జీతగాడు, అటెండరనగా కార్యాలయపు బంట్రోతు. పత్రములో 'సంరక్షకుని పేరు' అను గడియెదుట కోడలు భర్త పేరు చెప్పును, ఎందుకనగా ఇంటిని రక్షించువాడతడే గదా! మన భాషలో ఈ పనికి క్రియలు మాత్రము సమృద్ధిగా కలవు: చూచుకొనుట, కనిపెట్టుకొని యుండుట, ఎత్తిపోయుట, లేపి కూర్చుండబెట్టుట, తోడుండుట. నామవాచకము లేకపోవుట దారిద్ర్యమని కొందఱు నూతనపదములను సృష్టించుచున్నారు. నా యభిప్రాయమున అది దారిద్ర్యము కాదు. ఈ పని యొకరి వృత్తి కాదని, ఇంటిలో నెవరి చేతికి వచ్చిన వారు చేయునదని భాష చెప్పుచున్నది. పరిశోధన క్రియలను పట్టుకొనినచో లాభపడును.

ఈ ప్రాంతపు క్రియలలో నొకటి విశేషవిచారణకు తగినది: 'అర్సుకొనుడు'. కావ్యభాషయందలి 'అరయు' ధాతువు, విచారించుట, బాగోగులు చూచుట యను నర్థములతో, 'అరసికొను'గా మాఱి, తెలంగాణపు నోట నేటికిని సజీవముగా నున్నది. జబ్బుపడినవారిని చుట్టపక్కాలు వచ్చి అర్సుకొందురు. ఇది గొప్ప యాచారమే. కాని వచ్చినవారు పండ్లు పెట్టి, రోగి మంచమువద్ద కూర్చుండి, చాయ త్రాగి పోవుదురు. ఆ చాయ పెట్టునది, దూరమునుండి వచ్చినవారికి అన్నము వండునది రాత్రియంతయు మేల్కొన్న ఆ స్త్రీయే. ప్రశ్నావళిలో 'మీ యింటికి బంధుమిత్రులు వచ్చుచున్నారా?' యను ప్రశ్నకు ఔనని జవాబు వచ్చినచో సాంఘికసహాయ మధికమని లెక్క. ఇచ్చట నా సహాయము పొయ్యిపై నీళ్లుగా మఱుగుచున్నది. రోగిని అర్సుకొన్నవారు ఇరువదిమంది, ఆమెను అర్సుకొన్నవారెందఱు? ఈ రెండవ ప్రశ్న ఆంగ్లమునుండి దిగుమతి కానక్కఱలేదు. మాట మనయొద్దనే యున్నది.

తెలంగాణ ప్రభుత్వ వైద్యశాఖవారు ఉపశమనచికిత్సకై పల్లెలకు పోవు సేవకు 'ఆలన' యని పేరు పెట్టిరి. ప్రభుత్వముపెట్టు పేరులలో ఇంత యుచితమైనది అరుదు. ఉపశమనచికిత్సకుగల ఆంగ్లనామము కప్పుకొను వస్త్రమను లాటిను మాటనుండి వచ్చినది. బాధను కప్పునదని భావము. 'ఆలించు' అనగా వినుట. ఆలించి పాలించుమని వేడుకొనుట మన వాడుక. ఆలనపాలన యను జంటలోని మొదటి మాట ఆ వినుటయే యని చెప్పుట సమంజసము. సంస్కృతమున రోగిసేవకు వాడు 'శుశ్రూష'యు 'శ్రు' ధాతువు సన్నంతరూపము. వినవలెనను కోరిక యని వ్యుత్పత్తి. రెండు భాషలును పరిచర్యను వినుటనుండియే పుట్టించినవి. కాని పేరు మంచిదైనంతమాత్రమున వాహనము ప్రతి తండాకు చేరదు. నొప్పికి మార్ఫిను అందుటకు 1985 నాటి మాదకద్రవ్యశాసనము చిరకాలము అడ్డుపడగా, 2014లో దానిని సవరించిరి. నొప్పి తగ్గని రోగి ప్రక్క కూర్చున్నవారిని మీ మనస్థితి యెట్లున్నదని యడుగుట, మొదట మాత్ర ఇచ్చి పిమ్మట అడుగవలసిన ప్రశ్న.

అంకెలే వద్దని నేను వాదించుచున్నానని భావింపవలదు. మన సాహితీపరులలో కొందఱు, ఉమ్మడికుటుంబము కల దేశమున ఇట్టి కొలతలు పాశ్చాత్యుల వెఱ్ఱియని తేలికగా త్రోసివేయుదురు. వారి మాట నే నంగీకరింపను. అంకె లేనిచో కూలి నష్టము ప్రభుత్వము దృష్టికి రాదు. నర్సుల నియామకము జరుగదు. కేరళమున 1993లో కోళిక్కోడునందు ప్రారంభమైన చిన్న చికిత్సాలయము పొరుగువారి సహాయసంఘములుగా విస్తరించి, 2008లో రాష్ట్రప్రభుత్వ విధానముగా మాఱుటకు ఇంటింటి లెక్క తోడ్పడినది. గివెన్ మొదలగువారు 1992లో కూర్చిన ప్రశ్నావళిలో సేవవలన గలుగు ఆత్మగౌరవమును ఒక భాగముగా, ధనము, ఆరోగ్యము, కుటుంబసహాయము, దినచర్య అను వానిని వేఱు భాగములుగా నుంచిరి. అన్నిటిని ఒక్క భారమను గంపలో వేయని యీ పద్ధతి మనకు మఱింత దగ్గఱ. 'బరువుబాధ్యత'లను విడదీయుటకు అందు చోటున్నది.

నారాయణఖేడు మండలమునకు తగిన ప్రశ్నలు ఎట్లుండవలెనో కొన్నిటిని వ్రాసిచూపుదును. నిన్న రాత్రి ఎన్నిమార్లు లేచినవు? కూలికి పోక ఎన్నాళ్లైంది? నువ్వు జొన్నరొట్టె ఎప్పుడు తిన్నవు, అందరు తిన్నంకనా? ఆసుపత్రికి పోయిన దినము పిల్లలను ఎవరికి ఒప్పజెప్పినవు? నీ పెయ్యి బాగలేనప్పుడు ఆయనను ఎవరు చూసిండ్రు? నిన్ను ఎవరు అర్సుకొన్నరు? ఇందు భారమను మాట లేదు. ఔను, కాదు అని ధర్మము చెప్పవలసిన పని లేదు. జరిగినది చెప్పిన చాలును. అంకె వేయుటకును వీలున్నది. 'మీరు' అని గాక 'నువ్వు' అని యడుగుట ఇచ్చట అగౌరవము కాదు. 'మీరు' అని వినగానే సర్కారు మనిషి వచ్చినాడని, పింఛను సంగతియని ఇంటివారు జాగ్రత్తపడుదురు. అడుగువారు స్త్రీలగుటయు, చెలక దగ్గఱనో బోరింగు కడనో అత్త వినని చోట అడుగుటయు మేలు.

మరణానంతరము ఎప్పుడు పోయి యడుగవలెనను విషయము తేలవలసియున్నది. పదునొకండు దినములు ఇల్లు నిండుగా నుండును. పిట్టకు పెట్టుట, దినములు, భోజనములు అన్నియు ముగిసి, చుట్టములు వెడలిపోయి, కొడుకులు చెఱకుతోటలకు మరలిన పిమ్మట ఆ మంచమును ఎత్తి గోడకు నిలుపుదురు. ఆ తరువాతి నెల పరిశోధకుని కాలపట్టికలో ఇప్పటివఱకు ఖాళీగా నున్నది.